అంచు పట్టిన చెయ్యి

నెలాఖరు శుక్రవారంలోగా ఆరుగురిని జాబితాలోంచి తీసేయాలని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తీసేయడం అని రాయలేదు లెండి, అంత మొరటు మాట ఆఫీసువాళ్ళు వాడరు. ‘సేవల అవసరం తీరిన విద్యార్థులను గుర్తించగలరు’ అని రాశారు. గుర్తించకపోతే థెరపిస్టుల పోస్టుల సంగతి చూడాల్సి వస్తుందని కింద ఇంకో ముక్క ఉంది. ఏ పిల్లకి అవసరం తీరిందో దగ్గర కూర్చుని చూస్తేగాని తెలియదు. ఎంతమందికి తీరిందో మాత్రం వాళ్ళకి కుర్చీలోంచి లేవకుండానే తెలిసిపోయింది. ఆమె ఆ కాగితం చదివి, మడిచి, బ్యాగు ముందర అరలో పెట్టి బస్సెక్కింది. రెండేళ్ళ కిందటైతే అలాంటి కాగితానికి ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మంట కూడా రావడం లేదు.

ఆమె ప్రభుత్వ బడుల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ పేరు సగంమందికి నోరు తిరగదు. టీచర్లు థెరపీ మేడమ్ అంటారు, పిల్లలు చేతుల టీచర్ అంటారు. పిల్లలు పెట్టిందే సరైన పేరు. పెన్సిలు నిలవని వేళ్ళకి పట్టు నేర్పడం, చెంచా నోటిదాకా వచ్చేలోపు ఒలికిపోకుండా చూడటం, బ్యాగు జిప్పు, బూట్ల పట్టీ, ప్యాంటు గుండీ, ఇవీ ఆమె పాఠాలు. అయిదు బడులు, అరవై ముగ్గురు పిల్లలు, భుజానికి ఒక బ్యాగు. బ్యాగులో మట్టి ముద్ద, బట్టల క్లిప్పులు, పట్టకార్లు, రకరకాల గుండీలు కుట్టిన గుడ్డలు ఉంటాయి. పన్నెండేళ్ళుగా మోస్తోంది కాబట్టి ఒక భుజం రెండోదానికంటే కాస్త దిగిపోయింది.

ఆ మంగళవారానికి అయిదుగురు దొరికారు. అయిదుగురి కాగితాలూ పెద్ద మేడమ్‌కి పంపేసింది. పెద్ద మేడమ్ అంటే థెరపిస్టులందరి మీదా అజమాయిషీ చేసే ఆవిడ. ఆరో పేరు దగ్గర ఆమె పెన్ను కాసేపు ఆగి, వసపిట్ట మీద వాలింది.

వసపిట్ట మూడో తరగతి పిల్ల. ఎనిమిదేళ్ళుంటాయి. ఎడమ చెయ్యి పుట్టుకతోనే సరిగ్గా లేదు, పిడికిలి బిగుసుకుని కడుపుకి ఆనుకుని ఉంటుంది. చేతికి లేని చురుకంతా నోటికి వచ్చింది. నిద్రలో తప్ప ఆ నోరు మూతపడగా చూసినవాళ్ళు లేరు. ఆ పిల్ల కాగితం మీద ఒకటే గడి మిగిలి ఉంది. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక ప్యాంటు నడుం గుండీ తనే పెట్టుకోగలదా? ‘స్వయంగా’ అని ఒక గడి, ‘సాయంతో’ అని ఒక గడి. అయిదుసార్లలో నాలుగుసార్లు పెట్టగలిగితే, అలా మూడు వేర్వేరు రోజులు జరిగితే, ‘స్వయంగా’ గడిలో టిక్కు పెట్టవచ్చు. టిక్కు పడితే పిల్ల జాబితాలోంచి బయటికి పోతుంది. పిల్లతోబాటు రోజుకి రెండుసార్లు తనని మరుగుదొడ్డికి తీసుకెళ్ళే ఆయమ్మ కూడా పోతుంది, ఆవిణ్ణి ఇంకో బడికి వేస్తారు. గుండీ బదులు ఎలాస్టిక్ వేయించుకోనివ్వండని ఆమె రెండుసార్లు రాసింది. యూనిఫారం అందరికీ ఒకటేనని హెడ్మాస్టరు రెండుసార్లు జవాబిచ్చాడు.

థెరపీ గది అంటే మెట్ల కింద సామాన్ల గది. విరిగిన బల్లలు ఒకవైపు, గాలిపోయిన బంతుల గోనె ఒకవైపు, మధ్యలో రెండు చిన్న కుర్చీలు. వసపిట్ట వచ్చి, అడక్కుండానే పరీక్ష ప్యాంటు యూనిఫారం మీదనే తొడుక్కుంది. అది ఆమె బ్యాగులో ఉండే పాత ప్యాంటు. నడుం దగ్గర గుండీ, కాజా అచ్చం బడి ప్యాంటుకి ఉన్నట్టే ఉంటాయి.

“టీచర్, మా పిన్నికి పాప పుట్టింది. నాకన్నా చిన్న గోళ్ళు. దానికి కూడా మీరే నేర్పుతారా?”

“దానికి అవసరం ఉండదులే. ఊఁ, పెట్టు.”

ఆమె పెన్ను చెవి వెనక దోపుకుని ముందుకి వంగింది. పిల్ల కుడిచేతి బొటనవేలు గుండీని నెట్టింది. గుండీ కాజాలో సగం దూరి ఆగింది, ఇంకోసారి నెడితే బయటికి వచ్చింది. ఆమె పెన్ను తీసి ఒక గీత గీసింది. రెండోసారి, మూడోసారి కూడా వచ్చింది. నాలుగోది జారింది. అయిదోది వచ్చింది.

“నాలుగు,” అంది ఆమె.

“చూశారా, నాకొచ్చేసింది,” అంది వసపిట్ట. ఆ వార్త ఆయమ్మకి, దారిలో ఎదురైన క్లాసు టీచరుకి, గోడ మీది పిల్లికి కూడా చెప్పుకుంటూ వెళ్ళింది.

ఆయమ్మ తలుపు దగ్గర ఆగింది. “నిజంగా వచ్చేసిందా అమ్మా?”

“ఇంకో రెండు రోజులు చూడాలి.”

“వస్తే మంచిదే. నేను రాకముందు ఈ పిల్ల బడిలో చుక్క మంచినీళ్ళు ముట్టేది కాదంట. తాగితే వెళ్ళాలిగా. ఇంటికెళ్ళేసరికి పెదాలు ఎండిపోయి ఉండేవని వాళ్ళమ్మ చెప్పింది.”

ఆమె తలూపింది. అది విని బాధపడాలని ఆమెకి తెలుసు. బాధ కోసం ఒక నిమిషం చూసింది, రాలేదు. జిప్పు మూసి రెండో బడికి బయల్దేరింది.

బుధవారం వసపిట్ట అయిదుకి అయిదూ పెట్టింది. గురువారం కూడా అయితే పని అయిపోయినట్టే. నిజానికి ఆ పిల్లని వదిలించుకోవాలని ఆమెకేం లేదు, ఉంచుకోవాలనీ లేదు. ఈమధ్య ఏ పిల్ల విషయంలోనూ అలాంటిదేదీ ఉండటం లేదు. చెప్పాల్సిన మాట చెబుతోంది, పెట్టాల్సిన గీత పెడుతోంది. ఇంట్లో మొగుడు కూడా అన్నాడు, “ఈమధ్య నువ్వు మాట్లాడుతుంటే బస్‌స్టాండులో మైకు విన్నట్టుంటోంది,” అని. దానికి ఆమె అవునంది, మైకు గొంతుతోనే.

గురువారం వసపిట్ట పరీక్ష ప్యాంటు తొడుక్కుని నిలబడిందో లేదో ఫోను మోగింది. పెద్ద మేడమ్.

“ఆరో పేరు ఏమైందమ్మా? రేపు సాయంత్రానికి నేను పైకి పంపాలి.”

“చూస్తూనే ఉన్నాను మేడమ్, మూడో రోజు,” అని ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేత్తో పెన్ను పట్టుకుని, పెట్టమని పిల్లకి కళ్ళతో సైగ చేసింది.

వసపిట్ట పెట్టలేదు. అప్పటిదాకా పాప గోళ్ళ గురించి చెబుతున్నది కాస్తా ఊరుకుంది. గుండీ మీద బొటనవేలు ఉంచి, దేనికోసమో ఆగి నిలబడింది. పెద్ద మేడమ్ ఫోనులో పాత జాబితా, కొత్త జాబితా అని ఏదో చెబుతోంది. ఆమె మళ్ళీ సైగ చేసింది. అప్పుడు వసపిట్ట గుండీ వదిలేసి, కుడి చెయ్యి చాపి, ఆమె పెన్ను పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని కిందికి లాగింది. లాగి ప్యాంటు నడుం మీద, కాజా ఉన్న అంచు దగ్గర పెట్టింది.

“ఇక్కడ,” అంది.

ఆమె వేళ్ళు రెండు ఆ అంచుని పట్టుకున్నాయి. ఆమె పట్టుకోవాలనుకోలేదు, అవే పట్టుకున్నాయి. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట, గుడ్డ ముడత పడకుండా కాస్త బిగించి. అది బాగా అలవాటైన పట్టు. పిల్ల గుండీ నెట్టింది, వచ్చింది.

“మళ్ళీ చేస్తాను మేడమ్,” అని ఆమె ఫోను పెట్టేసింది.

పెన్ను కింద పడి బల్ల కిందికి దొర్లింది. ఆమె దాన్ని వెతకలేదు. కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకుని, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుంది.

“ఇప్పుడు పెట్టు.”

వసపిట్ట కుడి బొటనవేలితో గుండీ నెట్టింది. పట్టుకునే చెయ్యి లేక కాజా ఉన్న అంచు కూడా గుండీతోబాటు వెనక్కి పోయింది. మళ్ళీ నెట్టింది. గుడ్డ మళ్ళీ పోయింది. మూడోసారి కడుపు లోపలికి లాక్కుని, నాలుక బయటపెట్టి, ఒంటికాలి మీద నిలబడి ప్రయత్నించింది. అయిదుసార్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ పిల్ల ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

“మీరు చెయ్యి పెట్టలేదుగా,” అంది, ఆమెకి తెలియదేమో అన్నట్టు.

“నేను ఎప్పుడూ పెడతానా?”

“ఊఁ. అలాగే కదా పెట్టుకోవాలి?”

“ఆయమ్మ కూడా పెడుతుందా?”

“ఆయమ్మ మొత్తం పెట్టేస్తుంది. ఆవిడకి టైముండదు.”

ఆమె పిల్ల ఎడమ పిడికిలి వైపు చూసింది. అది ఎప్పటిలాగే కడుపుకి ఆనుకుని ఉంది. గుడ్డ అంచు పట్టుకోవాల్సింది ఆ చెయ్యి. కుడి చెయ్యి నెట్టాలి, ఎడమ చెయ్యి పట్టుకోవాలి, గుండీ పెట్టడమంటే అంతే. ఏడాదిగా ఆ ఎడమ చెయ్యి పని తన చెయ్యి చేసేసింది. చేసి, కాగితం మీద పిల్లకి మార్కులేసింది. బ్యాగు సర్దుతుంటే ఆమెకి చేతులు బరువుగా అనిపించాయి, అంతకుమించి ఏమీ తెలియలేదు. మిగిలిన రెండు బడుల్లోనూ ఆ రోజు పిల్లల కంటే తన చేతులనే ఎక్కువ చూసుకుంది. ఒకడు పలక మీద రాస్తుంటే దాని మూల పట్టుకునేది తనే. కత్తెరతో ఒక పిల్ల కత్తిరిస్తుంటే కాగితం తిప్పేది తనే. సీసా మూత ఎవరు తిప్పినా అడుగు తన గుప్పిట్లో ఉంది.

సాయంత్రం పెద్ద మేడమ్‌కి ఫోను చేసి, నిన్న అయిదుకి అయిదూ పెట్టిన పిల్లకి ఇవాళ రాలేదని చెప్పింది.

“ఎన్ని?”

“ఒక్కటీ రాలేదు.”

“నిన్న అయిదుకి అయిదు, ఇవాళ సున్నానా? పిల్ల పేచీ పెట్టి ఉంటుంది. ఆయమ్మ వెళ్ళిపోతుందని ఎవరో చెవిన వేసి ఉంటారు. రేపు నేనే వచ్చి చూస్తాను.”

అప్పుడే చెప్పాల్సింది. చెయ్యి తనదని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె నీళ్ళు నమిలి, సరేనంది.

ఇంట్లో భోజనాల దగ్గర కూతురు గిన్నెలోంచి కూర వడ్డించుకోబోయింది. పదహారేళ్ళ పిల్ల, ఇంటర్ చదువుతోంది, తల్లికంటే రెండంగుళాలు పొడుగు. గరిటె గిన్నెలోకి దిగేసరికి గిన్నె అంచు మీద తల్లి చెయ్యి ఉంది.

“అమ్మా, వదులు. నువ్వు పట్టుకోకపోతే గిన్నేమన్నా పారిపోతుందా?”

“ఎప్పుడూ ఇలాగే పట్టుకుంటానా?”

“పుట్టినప్పట్నుంచీ,” అని మొగుడు అందుకున్నాడు. “నేను షర్టు వేసుకుంటుంటే కాలరు సర్దేది ఎవరు? నేను తాళం తీస్తుంటే తలుపు పట్టేది ఎవరు? మాకు అలవాటైపోయిందిలే.”

తండ్రీ కూతురూ నవ్వుకున్నారు. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ పూటంతా దాన్ని కాపలా కాసినట్టే కూర్చుంది.

శుక్రవారం పదింటికల్లా పెద్ద మేడమ్ వచ్చేసింది. పొడుగ్గా, కాస్త వంగి నడిచే మనిషి. ఆఫీసు కుర్చీ ఎక్కకముందు పదహారేళ్ళు పిల్లలతో పనిచేసింది, బాగా చేసిందని పేరు కూడా ఉంది. మెట్ల కింద గదిలోకి వస్తూనే చెప్పులు విడిచి, చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, వసపిట్టని రెండు నిమిషాల్లో మాలిమి చేసుకుంది. చిన్నపాప గోళ్ళ గురించి మొత్తం విని, తన మనవడికి ఇంకా చిన్న గోళ్ళని పందెం కాసింది.

“ఏదీ, నీ గుండీ సంగతి చూపించు.”

ఆమె గోడకి ఆనుకుని నిలబడి, చేతులు రెండూ వీపుకీ గోడకీ మధ్య పెట్టుకుంది.

వసపిట్ట గుండీ నెట్టింది. వచ్చింది. పెద్ద మేడమ్ తల తిప్పి ఆమె వైపు ఒక చూపు చూసింది. నేను చెప్పలేదూ, అన్న చూపు. రెండోది కూడా వచ్చింది. ఆమె అప్పుడు చూసింది. పెద్ద మేడమ్ ఎడమ చేతి వేళ్ళు రెండు ప్యాంటు నడుం మీద, కాజా అంచు దగ్గర ఉన్నాయి. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట, గుడ్డ కాస్త బిగించి. పెద్ద మేడమ్ పిల్ల ముఖంలోకి చూస్తూ మాట్లాడుతోంది, తన చేతి వైపు చూడనే లేదు.

మూడోది వచ్చింది.

ఊరుకుంటే చాలు. ఇంకొక్కటి వస్తే నాలుగవుతాయి. సంతకం పెద్ద మేడమ్‌ది, చెయ్యి పెద్ద మేడమ్‌ది. ఆరో పేరు పైకి పోతుంది, తన పోస్టు జోలికి ఎవరూ రారు. సోమవారం నుంచి ఆయమ్మ ఇంకో బడికి వెళ్తుంది. వసపిట్ట మంచినీళ్ళు మానేస్తుంది. ఆమెకి ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి తెలిశాయి. నోరు మాత్రం లేవలేదు. ఇన్నాళ్ళ మొద్దుతనం ఇందుకు ఎంత పనికొస్తుందో ఆ నిమిషంలో అర్థమైంది.

నాలుగోది వచ్చింది. వసపిట్ట ముఖం విప్పారింది. “నాలుగు,” అని తనే లెక్కపెట్టుకుంది. పెద్ద మేడమ్ కాగితం కోసం బ్యాగు వైపు వంగింది.

“మేడమ్,” అంది ఆమె. “మీ చెయ్యి.”

“నా చేతికేమైంది?”

“చెయ్యి తియ్యండి. తీసి అయిదోది చూడండి.”

పెద్ద మేడమ్ కిందికి చూసుకుంది. బ్యాగు వైపు వంగినా ఎడమ చెయ్యి ఇంకా గుడ్డ అంచుని పట్టుకునే ఉంది. ఆవిడ కాసేపు దాన్ని వేరే ఎవరిదో చెయ్యిలా చూసింది. తర్వాత మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వసపిట్ట నెట్టింది. గుడ్డ వెనక్కి పోయింది. మళ్ళీ నెట్టింది. పిల్ల ముందు పెద్ద మేడమ్ వైపు, తర్వాత ఆమె వైపు చూసి, ఇవాళ చెయ్యి పెట్టేవాళ్ళు ఎవరూ లేరని తెలుసుకుని, చేతులు కిందికి వదిలేసింది.

“ఎప్పట్నుంచి?” అంది పెద్ద మేడమ్.

“నాకు తెలిసింది నిన్న. పెడుతున్నది ఏడాది నుంచీ అనుకుంటాను.”

“నిన్న ఫోన్లో చెప్పలేదేం?”

“భయమేసింది మేడమ్.”

“మిగతా అయిదుగురు?”

“వాళ్ళనీ నేనే చూశాను.”

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడిచింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. “పదహారేళ్ళు,” అంది తనలో తను. బ్యాగులోంచి అయిదు కాగితాలు తీసి ఆమె చేతికిచ్చింది. “ఇవింకా పైకి పంపలేదు. సోమవారం నుంచి మళ్ళీ చూడు. చేతులు కట్టుకుని చూడు.”

“ఆరుగురు కావాలన్నారు కదా.”

“అన్నారు. లేరని రాస్తాను. నీ పోస్టుకి ఎసరు పెడతారేమో, నాకు తెలీదు. నన్నూ అడుగుతారు.” ఆవిడ చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “నువ్వు ఊరుకుని ఉంటే సంతకం పెట్టేసేదాన్ని,” అంది. అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఆ గొంతును బట్టి చెప్పడం కష్టం.

గదిలో ఇద్దరే మిగిలారు. వసపిట్ట పరీక్ష ప్యాంటు విప్పకుండా అలాగే నిలబడి ఉంది.

“నాకొచ్చిందని మా అమ్మకి చెప్పేశాను,” అంది.

“తప్పు చెప్పింది నేనే. నీకు వచ్చిందనుకున్నాను. నా చెయ్యి అడ్డం ఉంది, నేను చూసుకోలేదు.”

“మరి నాకు రాదా?”

అంత చిన్నగా ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమెకి సిగ్గేసింది. మెడ దగ్గర మొదలై చెవులదాకా వేడెక్కేంత సిగ్గు. ఎన్ని నెలల తర్వాతో ఒంట్లోకి ఏదో ఒక కదలిక అంటూ వచ్చింది, అదీ ఇది.

“ఇంకా రాలేదు,” అంది.

“ఏడాది నుంచి వస్తున్నారుగా. ఏం నేర్పించారు మరి?”

ఆమె కుర్చీ ముందుకి జరుపుకుని, వసపిట్ట ఎడమ చేతిని తన అరచేతిలోకి తీసుకుంది. ఆ పిడికిలిని బలవంతాన విప్పకూడదు, విప్పితే ఇంకా బిగుస్తుంది. మణికట్టుని మెల్లగా కిందికి వంచింది. వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. అరచేతి మడతల్లో చెమట, సుద్దపొడి ఉన్నాయి. బొటనవేలిని గుడ్డ లోపలికి, మిగతా వేళ్ళని బయటికి పెట్టి, మణికట్టుని మళ్ళీ పైకి లేపింది. వేళ్ళు అంచు మీద ముడుచుకున్నాయి.

“ఇది పట్టుకోవాలి. అది నెట్టాలి.”

“ఇది పట్టుకోదు టీచర్. ఇది ఊరికే ఉంటుంది.”

“ఊరికే ఉంచింది నేనే.”

చేతులు తీసేసింది. అంచు వెంటనే జారిపోయింది. మళ్ళీ మణికట్టు వంచి, వేళ్ళు పెట్టి, తీసేసింది. మళ్ళీ జారింది. వసపిట్ట మాట్లాడటం లేదు. కళ్ళు ఆ ఎడమ చేతి మీదే ఉన్నాయి. దానితో ఆ పిల్లకి అంతవరకు పెద్దగా పరిచయం లేనట్టుంది. పదోసారో పదకొండోసారో గంట కొట్టారు. ఆయమ్మ తలుపు తోసుకుని వచ్చింది. పిల్ల నడుం దగ్గర విప్పి ఉన్న గుండీ చూసి అలవాటుగా వంగి చెయ్యి చాపింది.

“ఆగండి ఆయమ్మా,” అంది ఆమె.

ఆయమ్మ ఆగింది. వంగినది వంగినట్టే ఉంది, చెయ్యి మధ్యలో ఉంది. వసపిట్ట ఎడమ చెయ్యి అంచుని పట్టుకుని ఉంది. కుడి బొటనవేలు వచ్చి గుండీ మీద వాలింది. ఆమె తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. అలా కూర్చోవడం ఆమె చేసిన పనులన్నిట్లోకీ కష్టంగా ఉంది.

గుండీ దూరలేదు. కానీ గుడ్డ ఈసారి వెనక్కి పోలేదు.

“పట్టుకుంది,” అంది వసపిట్ట. ఎవరూ చెప్పకుండానే కుడి చేత్తో ఎడమ మణికట్టు కిందికి వంచి, ఆ వేళ్ళని మళ్ళీ మొదటినుంచి అంచు మీద పెట్టుకోవడం మొదలుపెట్టింది.